మామ్మ వదిలిన కాఫీ

ఊరి మలుపులో ఆటో తిరిగేసరికి హారతికి ఎదురుగా హారతే కనబడింది. రెండేళ్ల కిందట కట్టిన ఫ్లెక్సీ అది. ఎండకి మొహం వెలిసిపోయి, చెవి దగ్గర చిరుగు పట్టింది గానీ చేతిలో గోల్ఫ్ కర్ర మాత్రం ఇంకా నిగనిగలాడుతోంది. కింద ‘మా ముత్యాలపాడు ముద్దుబిడ్డకు విజయోస్తు’ అని బారెడు అక్షరాలు. ఆ విజయం ఇంతవరకూ రాలేదు. ఫ్లెక్సీని దింపే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు, దాన్ని చూసే ధైర్యం హారతికి లేదు. ఆటో దాన్ని దాటేదాకా ఫోన్లోకి తల దించుకుని కూర్చుంది.

తణుకు పక్కన వరిచేల మధ్య పుట్టిన పిల్లకి గోల్ఫ్ ఏంటని మీరు అడగొచ్చు. ఊరంతా అడిగింది, మీరూ అడగండి, తప్పులేదు. హారతి మేనమామ గణేష్‌బాబు విశాఖపట్నంలో ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి చూసుకునే పనిలో ఉన్నాడు. వేసవి సెలవులకి మేనమామ దగ్గరికి వెళ్లిన పిల్ల, ఎవరో పారేసిన కర్ర ఒకటి పట్టుకుని బంతిని కొడితే అది వెళ్లి జెండా పక్కన ఆగింది. గాలివాటంగా పడిందిలే అనుకుని మళ్లీ కొట్టమన్నారు. మళ్లీ అక్కడే ఆగింది. అక్కడ ఆట నేర్పే కోచ్ ఆ పూటే గణేష్‌బాబుని పిలిచి, సెలవులయ్యాక ఈ పిల్లని ఊరికి పంపించెయ్యకండి అన్నాడట. నేల ఎటు వాలుగా ఉందో హారతికి చూడగానే తెలిసిపోతుంది. దమ్ము చేసిన చేలో నీళ్లు ఎటు జారుతున్నాయో చూస్తూ తండ్రి వెనకాల గట్ల మీద తిరిగిన పిల్ల, తెలియకేం చేస్తుంది.

చిన్నపిల్లల పోటీల్లో కప్పులు బోలెడు తెచ్చింది. ఇరవయ్యో ఏట ప్రొఫెషనల్ అయింది, అంటే ఇక ఆటే బతుకుతెరువు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ ఆటలో ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని గుంటల్లో వేస్తే వాళ్లదే గెలుపు. పోటీ మూడు రోజులు. రెండు రోజులయ్యాక బాగా ఆడినవాళ్లని ఉంచి మిగతావాళ్లని ఇంటికి పొమ్మంటారు. దాన్ని కట్ అంటారు. కిందటేడు బెంగుళూరులో హారతి చివరి రోజు, మొత్తం పద్దెనిమిదిలో పదిహేడో గుంట దాకా అందరికంటే ముందుంది. అక్కడ బంతిని చెరువులో కొట్టింది. కప్పు వేరే అమ్మాయి పట్టుకుపోయింది. అప్పట్నించీ ఏం పట్టిందో ఏమో, పట్టిందల్లా మట్టే అయింది. పుణెలో కట్ దాటలేదు, కోల్‌కతాలో దాటలేదు, నిన్నటి హైదరాబాదులోనూ దాటలేదు.

ఇంట్లో ముందుగదిలో తండ్రి త్రిమూర్తులు అద్దాల అల్మరా ఒకటి చేయించి పెట్టాడు. కింద అరల్లో చిన్నప్పటి కప్పులున్నాయి. పై అర ఖాళీ. ఆ ఖాళీ అరలో ఒక బల్బు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని ఇలాంటివాటికే అన్నారు. సంజెవేళ కాగానే త్రిమూర్తులు ఆ బల్బు వేస్తాడు, తల్లి సూర్యకళ రోజూ ఆ అర తుడుస్తుంది. వాళ్లొక్క మాట అనరు. ఏమ్మా ఎందుకు ఓడిపోయావని ఇంతవరకూ అడగలేదు. అడిగితే బాగుండునని హారతికి ఎన్నోసార్లు అనిపించింది.

ఈసారి ఆమె మామూలుగా రాలేదు. ఆట మానేస్తానని చెప్పడానికి వచ్చింది. భీమిలి పక్కన కొత్తగా కట్టిన రిసార్టువాళ్లు, వచ్చిపోయేవాళ్ల పిల్లలకి గోల్ఫ్ నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారు. వారంలోపు ఏదో ఒక మాట చెప్పమన్నారు. నీడపట్టున పని, నెల తిరిగేసరికి జీతం, ఎవరూ ఫ్లెక్సీలు కట్టరు. సరేనని చెప్పేద్దామనే ఉంది. ముందు ఇంట్లోవాళ్ల చెవిన వేస్తే చాలు. అదే నోరు పెగల్లేదు.

మర్నాడు పొద్దున్న లేచి వంటింట్లోకి వచ్చేసరికి ఏదో తక్కువైనట్టనిపించింది. కాసేపటికి గాని తెలియలేదు, కాఫీ వాసన లేదు. హారతి నాయనమ్మ రత్తమ్మగారు, ఇంట్లో అందరూ మామ్మ అనే మనిషి, కాఫీ చుక్క పడందే మంచం దిగేది కాదు. ఇత్తడి గ్లాసు నిండా పొగలు కక్కుతుండాలి, పైన నురుగు ఉండాలి, లేకపోతే ఆ పూట కోడలికి అక్షింతలే. అలాంటి మనిషి గోడవారన కూర్చుని మజ్జిగ తాగుతోంది.

హారతి ఎప్పుడొచ్చినా ఒక పూట ఉండి పరిగెత్తేది. కాఫీ తాగావా మామ్మా అంటే ఇప్పుడే తాగానే అనేది ముసలావిడ. ఈసారి తీరిగ్గా వచ్చింది కాబట్టి, తనే డికాషన్ తీసి, పాలు మరిగించి, ఇత్తడి గ్లాసులో నురుగు తేలేలా పోసి పట్టుకొచ్చి ముందు పెట్టింది. మామ్మ ఆ గ్లాసుని చూసిన చూపు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఒక్క ఉదుటున లేచి, గేదెకి కుడితి పెట్టాలంటూ పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ గేదెని అమ్మేసి ఏడాదైంది.

ఇదేంటమ్మా అని తల్లిని అడిగితే సూర్యకళ పోపు మాడిపోతోందని అటు తిరిగింది. అంతలో బుల్లిరాజు వచ్చాడు. బుల్లిరాజు త్రిమూర్తులికి చిన్నప్పటినించీ స్నేహితుడు, పక్కవీధిలో ఉంటాడు, సొంత ట్రాక్టరూ, ఒక పాత కారూ ఉన్నాయి. హారతి బాబాయ్ అని పిలుస్తుంది. మనిషి మంచివాడే గాని నోట్లో నువ్వుగింజ నానదు. చల్లారిపోతున్న కాఫీని చూసి, ఇంకా చెప్పలేదా అమ్మాయికి, అయితే నేను చెప్తానని మొదలెట్టాడు.

సంగతేంటంటే, హారతి ప్రొఫెషనల్ అయి మొదటి పోటీకి వెళ్లేముందు వీళ్లంతా కలిసి కోరుకొండ నరసింహస్వామి దగ్గరికి వెళ్లారు. ఊరికే మొక్కితే స్వామి వినడు, ప్రాణానికి ప్రాణమైనది వదిలి మొక్కితే వింటాడని రత్తమ్మగారు సలహా ఇచ్చింది. పిల్ల పెద్ద కప్పు గెలిచేదాకా నేను కాఫీ ముట్టనని ఆవిడే ముందు మొక్కుకుంది. ముసలావిడ అంత మాటన్నాక మిగతావాళ్లు ఊరుకుంటారా? వారానికి రెండుసార్లు చేపల పులుసు లేనిదే అన్నం సయించని త్రిమూర్తులు చేపలు వదిలేశాడు. సూర్యకళ సాయంత్రం సీరియల్ వదిలేసింది, అదీ కథలో పెళ్లి ఆగిపోబోతున్న రోజున. బుల్లిరాజు జర్దా కిళ్లీ వదిలేశాడు. చెబుతున్నంతసేపూ బుల్లిరాజు మొహం వెలిగిపోయింది. అమ్మాయి ఎంత సంబరపడుతుందో అనుకున్నాడు పాపం.

హారతికి ఒళ్లు మండిపోయింది. మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారండీ ఈ పని అని అడిగి, సమాధానం వినకుండా పెరట్లోకి వెళ్లి అరటిచెట్ల చాటున నిలబడి ఏడ్చింది. ఇన్నాళ్లూ నెత్తిమీద ఫ్లెక్సీ, ఖాళీ అర మాత్రమే ఉన్నాయనుకుంది. తను కొట్టే ప్రతి బంతి మీదా ఒక ముసలిదాని కాఫీ గ్లాసు ఉందని తెలియదు. కోల్‌కతాలో బంతి గుంటకి అంగుళం దూరంలో ఆగిపోతే తను మూతి ముడుచుకుని హోటల్ గదికి వెళ్లిపోయింది. ఇక్కడ మామ్మ మజ్జిగ తాగి ఉంటుంది.

సరే, ఎలాగూ మానేస్తున్నాను కదా అనుకోబోయి ఆగిపోయింది. అసలు మెలిక అప్పుడు తట్టింది. మొక్కు ‘గెలిచేదాకా’. ఆట మానేస్తే ఇక గెలిచేది లేదు. గెలుపు లేకపోతే మామ్మకి ఈ జన్మకి కాఫీ లేదు, తండ్రికి పులుసు లేదు. ఆడితే గెలవడం చేతకావట్లేదు, మానేద్దామంటే దారి లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, సరిగ్గా అదే. మొక్కుకున్న చోటే ఈ ముడి విప్పించాలి తప్ప వేరే మార్గం లేదని తేల్చుకుని, మొహం కడుక్కుని లోపలికొచ్చి, రేపు అందరం కోరుకొండ వెళ్దామంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడక్కుండా నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

బుల్లిరాజు కారు తీశాడు. కొవ్వూరు దాటి వంతెన ఎక్కగానే మామ్మ కొంగుముడి విప్పి గోదారమ్మకి రూపాయి బిళ్ల వేసి దణ్ణం పెట్టుకుంది. పుష్కరాలకి వచ్చినప్పుడు కన్నా నీళ్లు బాగున్నాయంది. వంతెన దిగి రాజమండ్రిలోకి రాగానే కారు తనంతట తానే అన్నట్టు ఒక కిళ్లీకొట్టు ముందు ఆగింది. కొట్టతను బుల్లిరాజుని చూసి పలకరింపుగా నవ్వి, అడక్కుండానే తమలపాకు తీసి సున్నం రాయబోయాడు. బుల్లిరాజు గతుక్కుమని గేరు మార్చి కారు ముందుకు దూకించాడు. బ్రేకు సరిగ్గా పడట్లేదని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

కోరుకొండ మెట్లు నిటారుగా ఉంటాయి. మామ్మ ఒక్కో మెట్టూ ఎక్కుతూ, గోవిందా అంటూ, మధ్యమధ్య నడుం పట్టుకుంటూ ఎలాగో సగం కొండ దాకా లాక్కొచ్చింది. అక్కడ నీడ చూసుకుని అందరూ కూలబడ్డారు. కింద పచ్చటి పొలాలు, దూరంగా కాలవ. బుల్లిరాజు కొబ్బరికాయల సంచీ ఒళ్లో పెట్టుకుని ఆయాసపడుతున్నాడు. పైకెళ్లాక స్వామి ముందు ఇంత మాట చెప్పలేననిపించింది హారతికి. చెప్పాలంటే ఇక్కడే చెప్పాలి.

“మామ్మా, నేను ఆట మానేస్తున్నాను. ఉద్యోగం చూసుకున్నాను. స్వామికి చెప్పుకుని మీ మొక్కులు విడిపించడానికే తీసుకొచ్చాను. నాకోసం మీరిలా నోళ్లు కట్టుకుని కూర్చుంటే నేను చూడలేను. నావల్ల కాలేదు, నన్ను క్షమించండి.”

రత్తమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుంది.

“నీవల్ల కాకపోవడం కాదే తల్లీ. నీ ఆట పాడుచేసింది నేను. బెంగుళూరులో ఆడావు చూడు, ఆ రోజు పొద్దున్న తల పగిలిపోతోంది. వీధి చివర సంపూర్ణమ్మ ఇంటికెళ్లి అరగ్లాసు కాఫీ తాగేశాను. సాయంత్రానికి నీ బంతి చెరువులో పడిందన్నారు. అప్పట్నించీ నీకు మొహం చూపించలేక చస్తున్నాను.”

హారతి ఏదో అనబోయింది. ఈలోగా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పక్కన త్రిమూర్తులు ఇబ్బందిగా కదిలాడు. కొవ్వూరులో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు పక్క విస్తట్లో కొరమీను పులుసు వడ్డిస్తుంటే తట్టుకోలేకపోయాడట. ముక్క మాత్రం ముట్టలేదు, ఒట్టి పులుసే కలుపుకున్నానని కూతురికి ఒట్టేసి మరీ చెప్పాడు. ఇంటికొచ్చేసరికి కోల్‌కతా కబురు వచ్చిందట. ఆ రాత్రి పులుసు అరగలేదని కూడా చెప్పాడు.

సూర్యకళ ఇంక దాచుకోలేకపోయింది. సీరియల్ ఏనాడూ కళ్లతో చూడలేదు. కాకపోతే సరిగ్గా ఆ వేళకి పక్కింటివాళ్ల గోడ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు వలిచేది. చూడలేదు, విన్నానంతే అంది. పుణె పోటీ వారంలో కథలో అత్తగారు జైలుకెళ్లింది, ఆ వారం ఒక్క రోజు కూడా తప్పకుండా విన్నదట.

మిగిలింది బుల్లిరాజు. ఆయన సంచీలో కొబ్బరికాయల్ని అటూ ఇటూ దొర్లించి, చివరికి తలెత్తాడు.

“నేను మొక్కు తప్పలేదు పెద్దమ్మా. మన ఒడ్డున ఒక్క కిళ్లీ ముట్టలేదు. గోదారి దాటాక మన లెక్కలు వర్తించవనుకున్నాను.”

“మొక్కుకున్న స్వామి ఉన్నదే ఈ ఒడ్డున కదరా, వెధవా,” అంది మామ్మ.

బుల్లిరాజు ఈ సంగతి ఇప్పుడే తెలిసినవాడిలా కొండ వైపు చూశాడు. ముందు సూర్యకళకి నవ్వొచ్చింది. తర్వాత త్రిమూర్తులు పగలబడి నవ్వాడు. హారతి కడుపు పట్టుకుని మెట్టు మీద వాలిపోయింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఏడాదిగా తను వీళ్ల ఆశల్ని నీళ్లపాలు చేశానని కుమిలిపోతోంది. ఇక్కడ వీళ్లు నలుగురూ తన కప్పుని మేమే పోగొట్టామని ఒకరికి తెలియకుండా ఒకరు కుమిలిపోతున్నారు. అందుకేనా తను ఓడొచ్చిన ప్రతిసారీ ఎవరూ పల్లెత్తి అడగనిది? ఎవరు ఏం మోస్తున్నారో పక్కవాళ్లకి తెలియదు.

నవ్వు ఆగాక మాత్రం హారతికి చిత్రంగా కోపం వచ్చింది. వీళ్ల మీద కాదు. ఆ పదిహేడో గుంట కళ్లముందు మెదిలింది, ఆ చెరువు, ఎదురుగాలి, జెండా తనవైపు రెపరెపలాడటం.

“మామ్మా, ఆ బంతిని చెరువులో కొట్టింది నేను. గాలి ఎదురొస్తోందని తెలుసు. అయినా దూరం చాలని కర్ర తీశాను. గెలిచేశాననుకుని తొందరపడ్డాను. ఆ తప్పు మొత్తం నాది. అందులో నీ అరగ్లాసుకి వాటా ఇవ్వను.”

ఈ మాట తను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. కోచ్‌కి గాలి అని చెప్పింది, స్నేహితులకి ఖర్మ అని చెప్పింది, తనకి తను ఇంట్లోవాళ్ల ఒత్తిడి అని చెప్పుకుంది. పైకి అనేసరికి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. తప్పు తనదైతే దిద్దుకునేదీ తనే కదా. ఆ గుంట దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈసారి పెద్ద కర్ర తీసి కొట్టి చూడాలని చేతులు దురద పెట్టాయి. రిసార్టులో పిల్లల చేతులు సరిచేస్తూ కూర్చుంటే ఆ దురద తీరదని ఆ మెట్టు మీదే తెలిసింది.

పైన గుడిలో అర్చకులు వీరబ్రహ్మంగారు కథంతా విన్నారు. చూడలేదు విన్నాను అన్న దగ్గర ఆయనకి నవ్వాగలేదు. తప్పు కాయమని తలా ఒక కొబ్బరికాయ కొట్టండి, తర్వాత మీకూ స్వామికీ మధ్య మాట, మీరే చెప్పుకోండి అన్నారు. రత్తమ్మగారికి మనసులో మొక్కుకోవడం చేతకాదు, ఏదైనా పైకే.

“స్వామీ, పిల్లని గెలిపించు, ఓడించు, అది నీకూ దానికీ మధ్య సంగతి. నా కాఫీని మటుకు మధ్యలోకి తేవద్దు. తెచ్చింది నేనే అనుకో. బుద్ధి వచ్చింది, చెంపలేసుకుంటున్నాను.”

గుడిలో ఉన్నవాళ్లంతా వినేలా చెంపలేసుకుంది. హారతి కర్పూరహారతి కళ్లకద్దుకుని బయటికొచ్చి, మంటపంలో నిలబడి రిసార్టువాళ్లకి ఫోన్ చేసి, ఇంకా ఆడాలనుందండీ, ఏమీ అనుకోకండని చెప్పేసింది. వాళ్లు ఏమీ అనుకోలేదు.

కొండ దిగగానే మామ్మ మోకాళ్ల నొప్పులు మరిచిపోయి ఎదురుగా ఉన్న కాఫీ హోటలుకి అందరికంటే ముందు నడిచింది. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని ముందు వాసన చూసింది. తర్వాత ఊదుకుంటూ ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకుంది. అది చూసి హారతికి మళ్లీ కళ్లు చెమర్చాయి. రెండో గుక్కకే పంచదార ఎక్కువైందని హోటలతన్ని కేకలేసింది గానీ, ఇంకో గ్లాసు మాత్రం చెప్పింది. బుల్లిరాజు అప్పటికే కిళ్లీకొట్టు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. తిరుగు ప్రయాణంలో వంతెన దాటాక మన ఒడ్డున కూడా ఒకటి వేసుకున్నాడు, దొంగతనంగా కాకుండా వేసుకుంటే ఆ రుచే వేరన్నాడు.

ఇంటికొచ్చాక త్రిమూర్తులు నిచ్చెన వేసుకుని మలుపులో ఫ్లెక్సీ దింపాడు. దాన్ని బుల్లిరాజు పట్టుకెళ్లి ట్రాక్టరు మీద కప్పుకున్నాడు. అల్మరాలో పై అర ఖాళీగా ఎందుకని సూర్యకళ కాఫీపొడి డబ్బా, ఫిల్టరు అక్కడ పెట్టింది. పొద్దున్నే చీకట్లో డబ్బా తియ్యడానికి ఆ బల్బు బాగా పనికొస్తోందట.

రెండు నెలల తర్వాత మైసూరులో పోటీ. హారతి కట్ దాటింది. చివరి రోజు ఒక బంతి నీళ్లలో కొట్టి, తిట్టుకుని, ఆ తర్వాతి రెండు గుంటల్లో ఆ నష్టం పూడ్చుకుని, ఐదో స్థానంలో ఆగింది. కప్పు రాలేదు. అయినా ఆకలి దంచేస్తోంది, ఆట అయ్యాక ఆకలేసి చాలా కాలమైంది. బూట్లు విప్పకుండానే ఇంటికి ఫోన్ చేసింది. మామ్మే ఎత్తింది. ఐదో స్థానమంటే మంచిదా చెడ్డదా అని అడిగి, మంచిదేనని తెలుసుకుంది.

“నీళ్లలో ఏమన్నా పడ్డాయటే?”

“ఒకటి పడింది మామ్మా.”

“ఎవరివల్ల?”

“నావల్లే.”

“సరే అయితే. కాఫీ చల్లారిపోతోంది, ఉంటాను,” అని రత్తమ్మగారు ఫోన్ పెట్టేసింది.